గుత్తి నీలి సాలీడు – ఆహార స్వభావం

గుత్తి నీలి సాలీడు చెట్టు తొర్రల్లో నివసించే టరంటులా. శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. జంతుశాస్త్రవేత్త ఆర్.ఐ. పోకాక్ 1899లో దీన్ని వర్ణించాడు. తొలి నమూనా అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిల్వ చోట దొరికింది. 2001లో ఇది నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది.

ఇది రాత్రిపూట తొర్ర ముఖద్వారం దగ్గర పొంచి ఉండి, బెరడు మీద కదిలే పురుగులను ప్రకంపనల ద్వారా పసిగట్టి పట్టుకుంటుంది. పెంపకంలోనూ ఇదే స్వభావం. నేల మీద వదిలిన కీచురాయి మట్టిలో దాక్కుంటే సాలీడు దాన్ని గమనించకపోవచ్చు. అందుకే నిలువుగా పెట్టిన బెరడు మీద, గూటి ద్వారానికి దగ్గరగా, చీకటి పడ్డాక ఎరను వదలాలి. ఎర సాలీడు పొట్ట కంటే పెద్దది కాకూడదు.

కుబుసం విడిచే ముందు సాలీడు వారాల తరబడి తిండి మానేస్తుంది. రంగు మసకబారుతుంది, గూటి ద్వారాన్ని పట్టుదారంతో మూసేస్తుంది. ఇది జబ్బు కాదు. అప్పుడు మంచినీరు ఉంచితే చాలు. మిగిలిన ఎరను తీసేయాలి. కుబుసం విడిచే సాలీడు ఒళ్లు మెత్తగా ఉంటుంది కాబట్టి కీచురాయి దాన్ని కొరికి చంపగలదు. కొత్త కోరలు తెల్లగా మెత్తగా ఉంటాయి. అవి నల్లబడి గట్టిపడ్డాకే మళ్లీ ఆహారం పెట్టాలి.

ఈ జాతిని 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరింది. అడవి నుంచి పట్టి తేవడం దాని మనుగడకే ముప్పు.