ప్లగ్గు మీది ‘ఆర్’ వెనక కథ

1887 ప్రాంతంలో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో హైన్రిష్ హెర్ట్జ్ రెండు లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ పుట్టించాడు. కాస్త దూరంలో ఉన్న తీగ చుట్టు సందులోనూ సన్నటి రవ్వ మెరిసింది. రెంటినీ కలిపే తీగ ఏదీ లేదు. రేడియో తరంగాలు అలా పట్టుబడ్డాయి. 1912లో టైటానిక్ సాయం కోసం సందేశాలు పంపింది కూడా రవ్వతో పనిచేసే ట్రాన్స్‌మిటర్‌తోనే.

అలాంటి రవ్వే మోటారుసైకిల్ సిలిండర్లోనూ పుడుతుంది. 1902లో బాష్ సంస్థ ఇంజినీరు గాట్‌లోబ్ హోనోల్డ్ హైవోల్టేజి పుట్టించే మ్యాగ్నెటోను, దానికి తగ్గ స్పార్కు ప్లగ్గును రూపొందించాడు. అప్పట్నుంచి రోడ్డెక్కిన ప్రతి పెట్రోలు బండీ ఓ బుల్లి ప్రసార కేంద్రమే. ఇంటింటా రేడియో వచ్చాక, ఆ రవ్వల వల్ల అందులో వినిపించే గరగర అందరికీ తలనొప్పయింది. 1936లో లండన్‌లో బీబీసీ టీవీ మొదలయ్యాక తెర మీద చుక్కలూ కనిపించాయి. బ్రిటన్ 1952లో ఇగ్నిషన్ రొదకు కళ్లెం వేసే నిబంధనలు తెచ్చింది. ఇంటిమీద యాంటెన్నా తిప్పుకుంటూ దూరదర్శన్ చూసిన మన తరానికీ ఆ చుక్కలు తెలిసినవే.

ఆ రొదకు విరుగుడు ప్లగ్గులోనో, దాని మీద తొడిగే క్యాప్‌లోనో ఇమిడే రెసిస్టర్. సాధారణంగా 5 వేల ఓమ్‌లు. ఎన్‌జీకే వారి బీపీ6ఈఎస్ మామూలు ప్లగ్గు, బీపీఆర్6ఈఎస్ రెసిస్టర్ ఉన్నది; ఆ ‘ఆర్’ అంటే రెసిస్టరే.

రెసిస్టర్ పెడితే స్పార్కు నీరసపడుతుందని షెడ్డుల్లో ఇప్పటికీ అంటారు. నేనొప్పుకోను. రవ్వ దూకేదాకా ప్లగ్గులో కరెంటు దాదాపు పారదు, కాబట్టి కాయిల్ ఇచ్చే వేల వోల్టులు తగ్గవు. దూకిన తొలి క్షణంలో ఒక్కసారిగా ఎగసే కరెంటే రేడియోను చెడగొట్టేది. రెసిస్టర్ దాన్నే అణిచేస్తుంది. తర్వాత పారే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా, రెసిస్టర్ దగ్గర పోయేది 250 వోల్టులే.

పాయింట్ల ఇగ్నిషన్ కాలపు పాత బండికి ప్లగ్గులోనో క్యాప్‌లోనో ఒకచోట రెసిస్టర్ ఉంటే చాలు. సీడీఐ, ఈసీయూ లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలున్న బండికి మాత్రం మాన్యువల్ చెప్పిన ప్లగ్గే వేయండి. ఆ రొద ఇప్పుడు పక్కింటి రేడియోను వదిలి మీ బండి ఎలక్ట్రానిక్స్‌నే గందరగోళపెట్టగలదు. ఇంజిన్ మిస్సవుతుంటే ప్లగ్గును తిట్టేముందు క్యాప్ విప్పి మల్టీమీటర్ పెట్టండి. క్యాప్ మీద రాసిన విలువకు దరిదాపుల్లో చూపించకపోతే కొత్త క్యాప్ కొనండి.