కందెన ఎవరు వేశారు?

పోయిన సంక్రాంతికి ముందు నా స్నేహితుడు ఒక పాత వ్యాన్ కొని, లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న నీళ్ళ ట్యాంకు పెట్టించాడు. భవానీపురంలో మా ఇంటి ముందు నిలబెట్టుకుని ఇద్దరం కూలెంట్ పోశాం, వైపర్లు మార్చాం, చుక్కలు కారుతున్న కుళాయికి టెఫ్లాన్ టేప్ చుట్టాం. వరండాలో కూర్చుని చూస్తున్న తాతయ్య, "మా గూడుబండికి అన్నీ మేమే చేసుకునేవాళ్ళం రా" అన్నాడు.

తాతయ్యది దివిసీమ. మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేయడానికి కుటుంబమంతా గూడుబండిలో హంసలదీవి వెళ్ళేవాళ్ళట. కింద మెత్తగా గడ్డి, దాని మీద చాప, పైన తాటాకు గూడు, మూలన బియ్యం మూట. ఇల్లునే కదిలించుకుపోవడం అన్నమాట.

దాని మరమ్మతుల్లో చాలా ఇంజనీరింగు ఉంది. కాల్చిన వరిగడ్డి మసిని ఆముదంలో కలిపితే కందెన. ఇరుసుకి అది పూయకపోతే బండి బరువెక్కుతుంది, చక్రం అరుగుతుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర శీల ఉంటుంది, బయల్దేరే ముందు దాన్ని చూసుకోవాలి. అన్నిటికంటే నాకు నచ్చింది ఇనుప పట్టా. దాన్ని చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. ఇనుము చల్లబడి ముడుచుకుని చెక్కనంతా బిగించేస్తుంది. దీన్నే నేను కాలేజీలో ష్రింక్ ఫిట్ అని చదివి పరీక్ష రాశాను. ఎండాకాలం చెక్క ఎండి పట్టా వదులైతే, చక్రాన్ని నీళ్ళలో నానబెడతారు. చెక్క ఉబ్బి మళ్ళీ బిగుస్తుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి కాలువలైతే వచ్చాయి గానీ, సరిగ్గా ఎండాకాలంలోనే వాటిని కట్టేస్తారు. అప్పుడు ఊరచెరువే దిక్కు.

ఇదంతా విని, "కందెన నువ్వే వేసేవాడివా తాతయ్యా?" అని అడిగాను.

"నేనెందుకు వేస్తాను? పాలేరు వేసేవాడు."

చక్రం చేసింది వడ్రంగి, పట్టా వేసింది కమ్మరి. వాళ్ళకి పంట ఇంటికొచ్చాక ధాన్యం కొలిచేవాళ్ళు. చెరువులోంచి చక్రం మోసుకొచ్చింది పాలేరే. హంసలదీవిలో వీళ్ళు దర్శనానికి వెళ్తే ఎడ్ల దగ్గర ఉండిపోయిందీ అతనే. తాతయ్య చెప్పిన 'మేమే' అన్న మాటలో ఇంతమంది ఉన్నారు. చరిత్ర రాసేటప్పుడు మనం కాలువలకీ, ఆనకట్టలకీ తేదీలు వెతుకుతాం. చక్రం ఆగకుండా చూసినవాళ్ళు మాత్రం ఇలా ఒక సర్వనామంలో కలిసిపోతారు.

ఆ పాలేరు పేరేంటని అడిగాను. ఎడ్ల పేర్లు రెండూ వెంటనే చెప్పాడు తాతయ్య. మనిషి పేరు కోసం మాత్రం చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు.

తర్వాత ఊళ్ళలోకి రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి, కందెన పోయి గ్రీజు వచ్చింది. ఇటు బెజవాడలో ఆటోనగర్ పెరిగింది. మా వ్యాన్ బ్రేకులు కీచుమంటుంటే మేమూ అక్కడికే తీసుకెళ్ళాం. ఇరవయ్యేళ్ళు కూడా లేని కుర్రాడొకడు బండి కింద దూరి గంటలో బాగుచేసి ఇచ్చాడు.

ఆ రాత్రి స్నేహితుడు ఫొటోలు పెట్టి, "అన్నీ మేమే చేసుకున్నాం" అని రాశాడు. సరిదిద్దుదామని ఫోన్ తీశాను. ఆ కుర్రాడి పేరు నేనూ అడగలేదు.