బాకా విద్యకు జీతమెంత?



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. ఖజానా శాఖలో బిల్లులు, వోచర్లు, ఆడిట్ అభ్యంతరాలు తప్ప మరొకటి ఎరుగని గుమాస్తాకు చరిత్ర ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తుండగా, అది అమెరికా నుంచి ఫోనులో వచ్చింది.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కూతురికి 12 ఏళ్ళు. బడి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తుంది. ట్రంపెట్ అంటే మన పెళ్ళి ఊరేగింపులలో బ్యాండు మేళంవారు ఊదే మూడు మీటల ఇత్తడి బాకాయే. బడిలో అందరితో కలిపి నేర్పేది చాలదని, వారానికొకసారి ఒక మాస్టారి దగ్గర విడిగా పాఠం చెప్పిస్తున్నారట. అరగంటకు 40 డాలర్లు. నెలకు నాలుగు పాఠాలు, 160 డాలర్లు. మన లెక్కలో 13 వేల రూపాయల పైమాట.

"అరగంట బూర ఊదడానికా?" అన్నాను. అబ్బాయి ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడానికి కారణం ఉన్నది. అది చివర మనవి చేస్తాను.

మన ఆఫీసులలో బాకా ఊదే విద్య చాలామందికి తెలుసు. దానికి గురువూ లేడు, జీతమూ లేదు, ప్రమోషను మాత్రం త్వరగా వచ్చేది. అసలు బాకా సంగతి వేరు. ఫోను పెట్టేశాక, ఈ విద్యకు పూర్వం ఎవరు ఎంత ఇచ్చుకొన్నారో, ఇచ్చినదానికి ఏం దక్కిందో చూద్దామని పుస్తకాలు తిరగవేశాను. నలభై ఏళ్ళు పద్దులు చూసిన కన్ను గదా, జమా ఖర్చూ ఎక్కడున్నా అటే పోతుంది. చూసినది మీ ముందు పెడుతున్నాను.

జర్మనీ దేశంతో మొదలుపెట్టాలి. అక్కడ ఒకప్పుడు బాకా ఊదడం రాజోద్యోగం. యుద్ధంలో గుర్రాల దళానికి జీను కట్టమని, ఎక్కమని, కదలమని, వెనక్కు రమ్మని ఆజ్ఞలన్నీ బాకా మీదనే ఇచ్చేవారు. శాంతికాలంలో రాజు భోజనానికి కూర్చున్నా, అతిథులు వచ్చినా బాకా మ్రోగవలసిందే. 1623లో రెండవ ఫెర్డినాండ్ చక్రవర్తి బాకావారికి, నగారావారికి కలిపి ఒక హక్కుపత్రం ఇచ్చాడు. దాని ప్రకారం వారిది ప్రత్యేకమైన సంఘం. సంఘంలో చేరనివారు ఆ వాద్యాన్ని తమ ఇష్టం వచ్చినచోట వాయించకూడదు. శిష్యులను ఎవరు చేర్చుకోవచ్చు, ఎట్లా నేర్పాలి అన్నదానికి కూడా నిబంధనలు ఉండేవి. మన సర్వీసు రూల్సు వంటివే అనుకోండి.

ఆ విద్యకు జీతమెంతో యోహాన్ ఎర్నెస్ట్ ఆల్టెన్‌బర్గ్ అనే ఆయన 1795లో హాలె పట్టణంలో అచ్చయిన తన గ్రంథంలో వ్రాశాడు. చదువు రెండేళ్ళు. జీతం 100 థాలర్లు. సగం చేరేటప్పుడు, మిగతా సగం విద్య పూర్తయి చేతికి పత్రం వచ్చేటప్పుడు. థాలరు ఆనాటి జర్మనీలో వెండి నాణెం. ఆ మొత్తం ఎంత పెద్దదో తెలియాలంటే ఒక లెక్క చూడండి. లైప్‌జిగ్ నగరంలో పనిచేసిన మహా సంగీతకారుడు బాఖ్, 1730లో ఒక స్నేహితుడికి వ్రాసిన ఉత్తరంలో తన ఉద్యోగం మీద ఏడాదికి సుమారు 700 థాలర్లు వస్తాయని చెప్పాడు. అంతటి వాని ఏడాది రాబడిలో ఏడో వంతు ఒక కుర్రవాడి బాకా చదువుకు. సామాన్యుడికి అది ఇల్లు తాకట్టు పెట్టే మాటే.

అంత పోసి ఏం నేర్చుకొనేవారు? ఆనాటి బాకాకు మీటలు లేవు. పొడుగాటి గొట్టాన్ని మడతలు వేసినట్టు వంచి చేసినది మాత్రమే. పెదవుల బిగువూ ఊపిరీ మార్చి స్వరాలన్నీ పలికించాలి. ఎక్కడ వేలు పెట్టాలో చూపించడానికి లేదు. ఏం చేస్తున్నదీ నోటిలోపల, కంటికి కనబడదు. గురువు ఎదురుగా కూర్చొని విని, తప్పు చెవితో పట్టుకొని దిద్దవలసిందే. పైగా యుద్ధ సంకేతాలను వారు కాగితం మీద పెట్టకుండా గురువు నోటి నుంచి శిష్యునికి రహస్యంగా అందించేవారు. అంటే 100 థాలర్లలో పాఠం ఒక భాగం. రెండో భాగం సంఘంలోకి ప్రవేశం, దాని వెనుక ఒక రాజోద్యోగం. తండ్రులు ఆ రెండో భాగం చూసే డబ్బు కట్టి ఉంటారు. మన కాలంలో టైపు, షార్ట్‌హ్యాండ్ ఇన్‌స్టిట్యూట్లకు జీతం కట్టినట్లే.

ఇక ఆ గ్రంథకర్త కథ చూడండి. ఆల్టెన్‌బర్గ్ 1734లో వైసెన్‌ఫెల్స్ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి అక్కడి ప్రభువు ఆస్థానంలో పేరు మోసిన బాకా విద్వాంసుడు. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడే శిష్యుడుగా పేరు నమోదు చేయించాడు. కుర్రవాడికి పన్నెండేళ్ళు నిండకముందే, 1746లో, వారసుడు లేకుండా ప్రభువు చనిపోయాడు. ఆస్థానమే రద్దయిపోయింది. పోస్టు ఖాళీ కావడం వేరు, ఆఫీసే ఎత్తివేయడం వేరు. ఆ తేడా మన సోదరులకు చెప్పనక్కరలేదు. తరువాత విద్య పూర్తి చేసుకొన్నా అతనికి ఏ ఆస్థానంలోనూ స్థిరమైన కొలువు దొరకలేదు. ఏడేళ్ళ యుద్ధంలో కొంతకాలం సైన్యం వెంట తిరిగాడు. చివరకు ఆర్గన్ వాయించే పనిలో చేరి, బిట్టర్‌ఫెల్డ్ అనే చిన్న ఊరి చర్చిలో 1801లో చనిపోయేదాకా ఉండిపోయాడు.

లెక్క ప్రకారం చూస్తే ఆ చదువు నష్టమే. కాని తాను నేర్చినదంతా, సంఘం నియమాలు, వాయించే పద్ధతులు, జీతాల సంగతితో సహా ఒక గ్రంథంగా వ్రాసిపెట్టాడు. పాత బాకా మళ్ళీ వాయించాలనుకొనే విద్వాంసులు ఈనాటికీ ఆ పుస్తకాన్ని చూస్తారు. కొలువు ఇవ్వని విద్య పేరు నిలబెట్టింది.

చిత్రమేమంటే, ఆ పుస్తకం అచ్చయిన 1795లోనే పారిస్ నగరంలో మరొక ఏర్పాటు జరిగింది. విప్లవం వచ్చి రాజరికం పోయింది. పండుగలకు, సైన్యానికి వాద్యగాళ్ళు కావాలి. ప్రభుత్వమే కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాల పెట్టి ఉచితంగా చదువు చెప్పించింది. తండ్రి సంఘంలో సభ్యుడు కానక్కరలేదు, 100 థాలర్లూ అక్కరలేదు. ప్రవేశ పరీక్షలో నెగ్గితే చాలు. 1818లో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు ప్రష్యాలో మీటలకు పేటెంటు తీసుకొన్నారు. మీట నొక్కితే గాలి నడిచే దారి పొడుగై, వెనుక పలకని స్వరాలు కూడా పలికాయి. పాత సంఘాల పట్టు ఆ దశాబ్దాలలోనే సడలిపోయింది.

అదే కన్సర్వేటరీలో చదివిన ఆర్బన్ అనే ఆయన 1869లో అక్కడే కార్నెట్ నేర్పే ఆచార్యుడయ్యాడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు తమ్ముడి వంటి పొట్టి వాద్యం. అంతకు ముందే 1860లలో ఆయన ఒక లావుపాటి అభ్యాస గ్రంథం వెలువరించాడు. పెదవి, నాలుక, ఊపిరి, వేళ్ళు వేటికవిగా సాధన చేయడానికి వందల పాఠాలు అందులో ఉన్నాయి. ఒకప్పుడు రహస్యంగా దాచిన విద్య దుకాణంలో దొరికే పుస్తకమయింది. మా మనుమరాలి బల్ల మీద కూడా అదే ఉన్నదట. మరి పుస్తకం ఉండగా మాస్టారెందుకు? ఈ ప్రశ్న నేను కూడా అడిగాను. జవాబు పాతదే. పుస్తకం పాఠం చెబుతుంది గాని, మనం ఊదినది వినదు.

ఇప్పుడు సముద్రం దాటి అమెరికా వెళదాం. అక్కడ న్యూ ఆర్లీన్స్ నగరంలో 1901లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. కటిక పేదరికం, నల్లజాతి పిల్లవాడు. బొగ్గు అమ్మి, చెత్త సామాను ఏరి బ్రతికే ఇల్లు. తనను పనిలో పెట్టుకొన్న ఒక యూదు కుటుంబం కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చిందని, దానితో తాకట్టు కొట్టులో ఉన్న 5 డాలర్ల కార్నెట్ కొనుక్కొని, వారం వారం అర డాలరు చొప్పున తీర్చానని ఆయనే వ్రాసుకొన్నాడు. మనం పి.ఎఫ్. అడ్వాన్సు తీసుకొని వాయిదాల మీద కట్టినట్లే ఉన్నది ఈ పద్దు.

1912 సంవత్సరం చివరి రాత్రి, పండుగ సంబరంలో వీధిలో పిస్తోలు పేల్చినందుకు పోలీసులు పట్టుకొని పిల్లల సంస్కరణశాలకు పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఉన్నాడు. ఆయన మొదట ఈ పిల్లవాడిని నమ్మలేదు. తరువాత బ్యాండులో చేర్చుకొని కార్నెట్ చేతికిచ్చి, చివరకు బ్యాండుకు నాయకుణ్ణి చేశాడు. బయటికి వచ్చాక, ఊరిలో పేరున్న కార్నెట్ విద్వాంసుడు జో ఆలివర్ ఇంటికి తిరగడం మొదలుపెట్టాడు. జీతం ఇవ్వడానికి డబ్బు లేదు. ఆలివర్ భార్యకు బజారు పనులు చేసిపెట్టేవాడు. దానికి బదులుగా ఆలివర్ పాఠం చెప్పేవాడు. తన పాత కార్నెట్ ఒకటి కూడా ఇచ్చాడు. మన గురుకులాలలో నీళ్ళు మోసి, గురుపత్నికి పనులు చేసి విద్య నేర్చిన శిష్యులను మనం ఎరుగుదుము.

1922లో ఆలివర్ తన శిష్యుణ్ణి షికాగోకు పిలిపించుకొని తన బృందంలో చేర్చుకొన్నాడు. తరువాతి కథ లోకానికి తెలుసు. శిష్యుడు లోకమంతా తిరిగి గొప్పవాడయ్యాడు. గురువుకు మాత్రం చిగుళ్ళ జబ్బు వచ్చి ఊదడం కష్టమయింది. 1937లో ఆర్మ్‌స్ట్రాంగ్ సవానా అనే ఊరికి కచేరీకి వెళితే, గురువు అక్కడ కూరగాయలు అమ్ముకొంటూ కనిపించాడట. చేతిలో ఉన్న డబ్బు ఇచ్చి వచ్చాడు. మరుసటి ఏడు ఆలివర్ చనిపోయాడు. నేర్చుకొన్ననాడు ఇవ్వలేని జీతం సుమారు ఇరవై ఏళ్ళ తరువాత చెల్లింది. అది చాలా ఆలస్యంగా చెల్లిన బిల్లని నాకనిపించింది.

అమెరికా బడులలో బ్యాండు నేర్పడం మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బాగా పెరిగింది. 1923లో షికాగోలో బడి బ్యాండులకు జాతీయ స్థాయి పోటీ కూడా జరిగింది. అందువల్ల ఈనాడు మా మనుమరాలివంటి పిల్లలకు ఊదడం బడిలోనే దొరుకుతున్నది. కాని ముప్ఫైమంది కలిసి ఊదుతుంటే ఒక పిల్ల పెదవి ఎక్కడ బిగుసుకొంటున్నదో మాస్టారికి ఎట్లా తెలుస్తుంది? ఆ తప్పు అలవాటయితే తరువాత దిద్దడం కష్టం. 40 డాలర్లు ఆ అరగంట సేపు ఒక్క పిల్లనే వినే చెవికి ఇస్తున్న జీతం. మిగతా ఆరు రోజులు సాధన లేకపోతే మాత్రం ఆ ఖర్చు నిరర్థకమని నేనే ఆడిట్ అభ్యంతరం వ్రాస్తాను.

ఇక మొదట దాచిన మాట. 1986లో మా అబ్బాయికి 11 ఏళ్ళు. మా వీధి చివర రిటైరయిన పోలీసు బ్యాండు ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. సాయంత్రం వరండాలో కూర్చొని ట్రంపెట్ ఊదేవాడు. వీడు గేటు పట్టుకొని నిలబడి వినేవాడు. నెలకు 20 రూపాయలిస్తే నేర్పుతానన్నాడాయన. వీడు వచ్చి అడిగాడు. "చదువుకోరా అంటే పెళ్ళి బ్యాండులో చేరతావా?" అని కసిరాను. ఆ నెల చెల్లెలి పెళ్ళి అప్పు వాయిదా ఉన్న మాట నిజమే. కాని 20 రూపాయలు లేక కాదు. ఆ విద్య తక్కువదని నా మనసులో ఉన్నది. వాడు మళ్ళీ అడగలేదు. ఆ పెద్దాయన కూడా ఒకటి రెండేళ్ళలో ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

మొన్న డి.ఏ. బకాయిలు వచ్చినప్పుడు అబ్బాయికి ఫోను చేసి, పాప పాఠాలకు ఆరు నెలల జీతం నేను పంపుతానన్నాను. 1986 సంగతి కూడా ఎత్తాను. వాడు కాసేపు ఊరుకొని, "డబ్బు వద్దు నాన్నగారూ. ఆదివారం పొద్దున ఒక పది నిమిషాలు పాప వాయించేది వినండి చాలు" అన్నాడు.

మనకు ఆదివారం పొద్దున అంటే వాళ్ళకు శనివారం రాత్రి. నాలుగు వారాలుగా వింటున్నాను. మొదటి వారం మూడుచోట్ల స్వరం జారింది. నిన్నటి ఆదివారం ఒక్కచోటే జారింది.