రేవు శబ్దార్థము - మోటుపల్లి యభయశాసనము

ఆంగ్లమున "హార్బరు" శబ్దమునకు మనవారు రేవని యర్థము చెప్పుదురు. ఇవి సమానార్థకములు గావని నా తలంపు. సేన, ఆశ్రయము అను రెండు ప్రాచీనపదముల కలయికచే హార్బరు శబ్ద మేర్పడినది; కావుననే దానికి "ఆశ్రయమిచ్చు" నను క్రియార్థమును గలదు. రేవన్ననో నీట దిగు చోటు మాత్రమే: చాకిరేవు, స్నానపురేవు, ఓడరేవు. సంస్కృతమున తీర్థశబ్దమును "తౄ" ధాతుజన్యమై దాటుటనే తెలుపును గాని రక్షణమును దెలుపదు.

శబ్దమున లేని యా యభయమును రాజశాసన మొసగవలసి వచ్చెను. గాలివానకు పగిలి యొడ్డు చేరిన యోడల సరకులను పూర్వరాజులు హరించుచుండిరి. కాకతి గణపతిదేవుడు శా. శ. 1166 (క్రీ. శ. 1244-45) నాటి మోటుపల్లి శాసనమున, నియతశుల్కము దక్క తక్కిన దెల్ల వర్తకులకే విడిచెను. నాడు రేవు ఆశ్రయమయ్యెను. కావున హార్బరునకు రేవని వ్రాయునపుడు, అభయార్థ మందు స్వతస్సిద్ధము గాదని గుర్తింపవలెను.