ఉతికినా పోని ఎరుపు

పిల్లలకు రంగుల పేర్లు నేర్పే పాఠం మనమందరమూ చెప్పినదే. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని పలికించి, బొమ్మకు రంగులు వేయించి ముగిస్తాము. వారి రంగుపెట్టెలో అన్ని రంగులకూ ఒకటే వెల. ఒకప్పుడు కొన్ని రంగులు సంపన్నులకు తప్ప దక్కేవి కావంటే వారికి వింతగా తోస్తుంది. ఆ వింత వెనుక మన తెలుగు నేల చరిత్ర కొంత ఉన్నది. ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ దానిని పిల్లలకు చెప్పవలెనని నా కోరిక.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయించండి. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. అందులో తెల్లగుడ్డ ముంచి ఆరనిచ్చి, దానిపై నిమ్మరసం చుక్క వేయండి. అక్కడ ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలుతుంది. నాలుగు రోజులు ఉతికి ఎండలో ఆరవేస్తే ఆ పసుపు కూడా వెలిసిపోతుంది. దీనినిబట్టి గ్రహించవలసినది ఒక్కటే. ప్రాచీనులకు ఎరుపు దొరకకపోలేదు. ఉతుకుకూ ఎండకూ నిలిచే ఎరుపే అరుదు. వెల అంతా ఆ నిలుకడకే.

మన మడివాళ పేరే ఇందుకు గుర్తు. కన్నడంలో మడివాళుడంటే బట్టలుతికే వృత్తివాడు. తెలుగులో మడేలు అన్నమాట కూడా ఆ వృత్తివారిదే. రంగు మంచిదో కాదో తేల్చేది అద్దకందారు మాట కాదు, చాకిరేవు బండ.

ఆ బండకు నిలిచిన ఎరుపును కృష్ణా తీరపు అద్దకంవారు చిరివేరు నుండి తీసేవారు. ఇది ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క. రంగు ఆకులోనూ పూవులోనూ ఉండదు, సన్నని వేళ్ళ పైపొరలో ఉంటుంది. వేరు ముదిరి రంగు పట్టడానికి సుమారు రెండేళ్ళు కావలెను. తరువాత ఇసుకను లోతుగా త్రవ్వి, వేరు తెగకుండా తీయవలెను. సముద్రపు గవ్వల సున్నం కలిసిన నేలలో రంగు మరింత చిక్కగా వస్తుంది. అందుచేతనే పేటబోలి అని విదేశీయులు వ్రాసిన నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు అంత పేరు వచ్చింది.

వేరు దొరికినంత మాత్రాన పని తీరదు. గుడ్డను కరక్కాయ కషాయం కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరవేసేవారు. ఎరుపు కావలసినచోట పటికనీళ్ళతో బొమ్మ వ్రాసి, చిరివేరుతో ఉడికించేవారు. పటిక పడినచోటనే ఎరుపు నిలుస్తుంది. తక్కినచోట అంటిన రంగు పోవడానికి పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, నీళ్ళు చల్లుతూ ఎండబెట్టేవారు. ఇట్లా రోజుల తరబడి సాగేది. నేల, కాలం, ఏటినీరు, ఎందరో మనుషుల చేతిపని, ఇవన్నీ కలిసి ఆ ఎరుపు వెల అయినవి.

1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టినారు. కొన్నేళ్ళకు అక్కడ పనిచేసిన విలియం మెత్‌వోల్డ్, ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం ఈ రంగులు పోవని వ్రాసినాడు. దూరదేశాలవారు కొన్నది ఆ నిలుకడనే.

ఇతర దేశాలలోనూ ఇదే కథ. మధ్యధరా తీరాన టైర్ నగరపు ఊదారంగును సముద్రపు నత్తల నుండి తీసేవారు. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను తీసుకొంటే 1.4 గ్రాముల రంగు మాత్రమే వచ్చింది! అది చక్రవర్తుల రంగు కావడంలో ఆశ్చర్యమేమున్నది?

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసినారు. చిరివేరులోని ఎరుపుకు మూలమైన పదార్థం అదే. 1897లో కృత్రిమ నీలి కూడా అంగడికి వచ్చింది. నిలిచే రంగు పేదలకూ దక్కింది. అది మేలే. అయితే చిరివేరుకు గిరాకీ పడిపోయింది. పెడన, మచిలీపట్నాలలో అద్దకం నేటికీ సాగుతున్నది గాని, చిరివేరు అన్నమాట మన పిల్లలు ఎరుగరు.

పని పోతే మాట పోతుంది. మాట కూడా పోతే, ఆ పని చేసినవారు ఉండేవారన్న జ్ఞాపకమే మిగలదు. తెలుగు గడ్డకు దూరంగా, కన్నడసీమలో చదివే మన పిల్లలకు ఈ ముప్పు మరింత ఎక్కువ. కనుక రంగుల పాఠం చెప్పేటప్పుడు పారాణి, నీలిమందు, లత్తుక, జేగురు, చిరివేరు అన్న మాటలు కూడా పలికించండి. ఒక్కొక్కటి దేని నుండి వచ్చిందో ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి వ్రాసుకొని రమ్మనండి. ఆ కాగితమే వారికి మంచి తెలుగు వాచకమవుతుంది.