ఎక్కేవాడిదే దారి

పోయిన చలికాలం అరకు చూసుకుని పాడేరు, చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగుతున్నాం. ముందు సీట్లో మా వారు, వెనక నేనూ, నా ఒళ్ళో కాఫీపొడి పొట్లాలూ. లంబసింగి ఘాటీలో ఒక వంపు దగ్గర ఓ కుర్రాడు, క్యారియర్‌ మీద బియ్యం మూట కట్టుకుని, సైకిలు తోసుకుంటూ ఎదురొచ్చాడు. మా డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. పాపం, ఆ కుర్రాడు సైకిలుతో సహా పక్క కాలవలోకి దిగిపోయాడు. మూట జారిపోయింది. మేం ఆగలేదు.

“ఈ రోడ్డు మీద వీడికేం పనండీ?” అన్నాడు డ్రైవరు. మా వారు నవ్వారు. అబద్ధమెందుకు, నేనూ కాస్త నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంతకీ ఆ రోడ్డు ఎవరిది?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుస్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయిన సంగతి మనందరికీ తెలుసు. ఆ మంట రాజుకోవడానికి గల కారణాల్లో ఒకటి రోడ్డని ఎంతమందికి గుర్తుంది? నర్సీపట్నం నుంచి చింతపల్లికి కొండల్లో రోడ్డు వెయ్యడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల్ని వెట్టికి తోలాడు. చేసిన కష్టానికి తగ్గ కూలీ ఇవ్వలేదు. ఒకవైపు అడవిలో కట్టె ముట్టనివ్వని చట్టాలు, మరోవైపు ఈ రాళ్ళ మోత. అలా రాళ్ళు మోసినవాళ్ళ మునిమనవలు ఇవాళ ఆ కొండల్లో సైకిలు తోసుకుంటుంటే, “వీడికేం పని” అని మనం అడుగుతున్నాం!

పోనీ వయసులో చూసినా సైకిలే పెద్దది. ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన ఇప్పటి సైకిళ్ళకి మూలమైన ‘రోవర్’ని 1885లో తయారుచేశాడు. జర్మనీలో బెంజ్ తన మోటారు బండికి పేటెంటు అడిగింది 1886లో. ఆ తర్వాత పదేళ్ళకే తగువు మొదలైంది. 1896 మే 30న న్యూయార్కులో ఒక మోటారు బండి, సైకిలు మీద పోతున్న ఎవ్లిన్ థామస్ అనే ఆవిణ్ణి గుద్దేసింది. కాలు విరిగింది. అమెరికాలో మొట్టమొదటి మోటారు ప్రమాదంగా చెప్పుకునేది దాన్నే. చూశారా, మొదటి దెబ్బ తిన్నదీ ఆడదే!

ఘాటీలో కారు కన్నా లారీతో ప్రమాదం ఎక్కువ. లారీ వంపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన పోవు, లోపలికి కోసుకుంటూ పోతాయి. కొండకి ఆనుకుని నిలబడ్డవాడు ‘ముందు చక్రం దాటింది, గండం గడిచింది’ అనుకునేలోపే వెనక చక్రం మీదికొస్తుంది. పైగా అంత ఎత్తున కూచున్న డ్రైవరుకి ఎడమ పక్కన, తన కిందుగా ఉన్న మనిషి కనపడడు. అందుకే వంపులో లారీ పక్కన సైకిలు ఉండకూడదు. దాన్ని ముందు పోనివ్వాలి.

మరి మన వంతు? 1989 నాటి రహదారి నియమాల్లో ఒక చక్కని మాట ఉండేది. సన్నటి కొండదారిలో దిగే బండి పక్కకి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఎత్తు మీద ఒకసారి ఆగిన బండి మళ్ళీ కదలడం కష్టం కదా! ఇంజనున్న లారీకే అంత కష్టమైతే, బియ్యం మూటతో ఉన్న సైకిలుకి ఎంత కష్టం? ఇంగ్లండులో 2022 నుంచి సైకిలుని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలమంటున్నారు. అంటే మన చీర పన్నా కన్నా జానెడు పైచిలుకు ఎక్కువ, అంతే. కొలత గుర్తుంచుకోవడం మనకి కష్టమా?

ఇప్పుడు ఘాటీ ఎక్కినా దిగినా నేను ముందే చెప్పేస్తాను, “బాబూ, సైకిలు కనిపిస్తే హారన్ కొట్టకు, ఆగు” అని. “అయితే తెల్లారేసరికి ఇంటికి చేరతాం” అంటారు మా వారు.

చేరితే చేరాం. ఆ కుర్రాడి మూట ఎవరైనా పైకెత్తి కట్టారో లేదో, అది మాత్రం నాకింకా తెలియదు.