కార్డు వేరు, హక్కు వేరు: ఆరోగ్య బీమా చట్టంలో కాంట్రాక్టు కార్మికుల చోటెక్కడ?

సికింద్రాబాద్ మెట్టుగూడలో దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉంది. లాలాగూడ రైల్వే ఆసుపత్రి అంటే అందరికీ తెలుసు. పర్మనెంట్ ఉద్యోగికి, అతని కుటుంబానికి అక్కడ వైద్యం ఉద్యోగంతోపాటే వస్తుంది. కాంట్రాక్టర్ కింద స్టేషన్లు ఊడ్చే, బోగీలు కడిగే కార్మికురాలికి ఆ వరస వర్తించదు. ఆమెకు మిగిలేవి ఈఎస్‌ఐ, ఆరోగ్యశ్రీ. రెండూ ఆరోగ్య బీమాగానే చెలామణి అవుతాయి. కానీ ఒకటి చట్టం, రెండోది పథకం. ఆరోగ్య బీమా సంస్కరణలపై జరిగే చర్చలో దళిత ఉద్యమాలు ముందు పట్టుకోవాల్సింది ఈ తేడానే.

చట్టం ఏమిస్తుంది?

అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా (1942–46) ఉన్న కాలంలో బి.పి. అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక ఇచ్చారు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టానికి పునాది అదే. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారికి ఇది వర్తిస్తూ వచ్చింది. వేతనంలో కార్మికుల వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రూ.15,000 జీతంలో కార్మికురాలి నుంచి కోత పడేది సుమారు రూ.113, యజమాని కట్టాల్సింది సుమారు రూ.488.

దీనికి బదులుగా ఓపీ వైద్యం, మందులు, ఆసుపత్రి ఖర్చు కార్మికులతోపాటు కుటుంబానికీ అందుతాయి. జబ్బుపడి పనికి వెళ్లలేని రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం, 26 వారాల ప్రసూతి భత్యం, పనిలో మరణిస్తే ఆధారపడినవారికి పింఛను ఉంటాయి. ఇవ్వకపోతే ఈఎస్‌ఐ కోర్టుకు వెళ్లవచ్చు.

పథకం ఏమిస్తుంది?

ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో రూ.2 లక్షల పరిమితితో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితి రూ.10 లక్షలకు చేరింది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో రాష్ట్రం 2021లో చేరింది. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సల్లో ఇవి ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడాయి. ఆ మేలును తక్కువ చేయలేం.

అయితే వీటి దృష్టి ప్రధానంగా ఆసుపత్రిలో చేరే చికిత్సలపైనే. బీపీ మాత్రలకు, చర్మవ్యాధులకు, దగ్గుకు జేబులోంచే ఖర్చు. పడకమీదున్న రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. పైగా ఇవి ప్రభుత్వ ఉత్తర్వుల మీద, బడ్జెట్ మీద నడుస్తాయి. 2025లో బకాయిలు చెల్లించలేదంటూ తెలంగాణలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసినప్పుడు, చేతిలో కార్డున్నా రోగి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఈ తేడాలో కులం ఉంది. కేంద్ర ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి వివరాలు నమోదైన దాదాపు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంక్ కార్మికుల్లో 68.9 శాతం ఎస్సీలు. ఆ పథకం కూడా వారికి ఇస్తున్నది ఆయుష్మాన్ కార్డే.

కొత్త కోడ్‌లో ఏముంది?

సామాజిక భద్రతా కోడ్‌ను పార్లమెంటు 2020 సెప్టెంబర్‌లో ఆమోదించింది. అప్పుడు ప్రతిపక్షాలు సభను బహిష్కరించి ఉన్నాయి. 2025 నవంబర్ 21న అది అమల్లోకి వచ్చి, ఈఎస్‌ఐ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. ఇందులో రెండు చోట్ల తలుపు సగం తెరిచారు.

ఒకటి: కేంద్రం ప్రమాదకరమైనదిగా ప్రకటించిన పనిలో ఒక్క కార్మికుడున్నా ఈఎస్‌ఐ వర్తింపజేయవచ్చు. రెండు: అసంఘటిత, గిగ్ కార్మికులకు ఈఎస్‌ఐ ప్రయోజనాలిచ్చే పథకం కేంద్రం రూపొందించవచ్చు. రెండు చోట్లా మాట ‘వచ్చు’. ‘చేయాలి’ కాదు. రేపు రాకపోతే ఎవరినీ కోర్టుకు లాగలేం.

రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగి గట్టిగా వ్యతిరేకించారు. ఆరోగ్యాన్ని హక్కుగా రాయడం చట్టసభకు సాధ్యమేనని, దానికి ప్రతిఘటన ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఆ అనుభవం చూపింది.

సంఘాలు ఏం చేయాలి?

ముందుగా ఉన్న హక్కును వాడుకోవాలి. కాంట్రాక్టు కార్మికుల చందాకు ప్రధాన యజమానిది బాధ్యత అని 1948 చట్టం 40వ సెక్షన్ చెప్పింది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవారిని కోడ్ కూడా వదల్లేదు. కాబట్టి ప్రతి కార్మికురాలి దగ్గరా ఈఎస్‌ఐ బీమా నంబరు ఉందా, జీతంలో కోసిన డబ్బు నిజంగా జమైందా అన్నది చూడాలి. ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల చందా లేకపోతే జబ్బు భత్యం రాదు. కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన ప్రతి నెలా ఆమె కోల్పోయేది ఇదే.

ఆ తర్వాత అడగాల్సింది ‘వచ్చు’ను ‘చేయాలి’గా మార్చమని. మురుగు పనినీ పారిశుద్ధ్య పనినీ ప్రమాదకర పనులుగా ప్రకటించమని. బీమా పరిమితి లక్షల్లో ఎంత పెరిగిందన్నది ఎన్నికల సభల్లో లెక్క. నిరాకరిస్తే నిలదీసే అధికారం ఎవరికుందన్నది మన లెక్క.